తువ్వాలు కప్పిన కాటా

జూన్ 2

మహారాజశ్రీ కాటా మామయ్యగారి దివ్యసముఖానికి,

మేనల్లుడు వంగి, వంగినచోట నడుము పట్టేసి, రాసుకునేది ఏమనగా—

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని పెద్దలు చెప్పారు. కానీ మీ గుండెలో ఒక కవాటం గట్టిపడి సరిగ్గా తెరుచుకోవడం లేదని పోయిన సోమవారం డాక్టరమ్మ చెప్పగా మనమిద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చుని విన్నాం. కాబట్టి కుశలం ప్రస్తుతానికి నా ఒక్కడి దగ్గరే ఉంది. అందులో సగం ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను.

ఫోన్ ఎందుకు చేయలేదని అడగరని తెలుసు. ముప్పై నాలుగేళ్ళుగా కాటాల మీద సుత్తి వేసిన చెవులవి. వాటితో ఫోన్‌లో మాట్లాడటమంటే నేను గోడకు చెబుతున్నట్టు, మీరు వీధికి చెబుతున్నట్టు ఉంటుంది. 

డాక్టరమ్మ చెప్పినవి మీకు ఎన్ని వినబడ్డాయో తెలియదు కనక మళ్ళీ రాస్తున్నాను. ఆపరేషన్ ఆగస్టు ఆరున. అప్పటిదాకా బరువులు ఎత్తకూడదు. ఉప్పు తగ్గించాలి. రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకుని కాగితం మీద రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదట, ఒంట్లో నీరు చేరుతున్నట్టట. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఊరి కాటాలన్నీ సరిచేసే మనిషికి బరువు చూసుకోమని చెప్పడం చేపకు ఈత నేర్పడమే అనుకోండి.

ఇంకొక రహస్యం. మీరు చొక్కా తొడుక్కోవడానికి తెర వెనక్కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీ మామయ్య గుండె దాకా వెళ్ళాలంటే ముందు ఆ పొట్ట దాటాలయ్యా, దారికి అడ్డంగా పడుకునుంది" అంది. విన్నవించుకున్నాను. ఆపై తమ చిత్తం.

వినయం అరువు తెచ్చుకున్న
మీ మేనల్లుడు


జూన్ 10

అల్లుడూ,

ఉత్తరం అందింది. కవరు విప్పి దులిపాను. నువ్వు పెట్టానన్న సగం కుశలం కనబడలేదు. దారిలో ఎవరో కొట్టేసినట్టున్నారు.

షాపులోంచి ప్లాట్‌ఫారం కాటా ఒకటి ఇంటికి తెప్పించి, మీ అత్తయ్య కుట్టుమిషను పక్కన పెట్టించాను. గుండ్రటి ముఖం, ముల్లు, కిలోకు ఒక గీత. నేనే సరిచేశాను. ముల్లును ముందుకూ వెనక్కూ జరిపే స్క్రూ మీద మూత బిగించి, తీగ చుట్టి, సీసం ముద్ర నొక్కాను. ఆ ముద్ర తెంపితే తప్ప ఎవరూ దాన్ని మార్చలేరు. బజార్లో దొరికే బాత్రూం కాటాలు నాకు గిట్టవు. వాటివి ఇచ్చకాలు. ఎవరు ఎక్కితే వాళ్ళకు నచ్చేది చెబుతాయి.

మొదటి రోజు 76.4. ఇవాళ 74.9.

డాక్టరమ్మ మాట రెండు రోజులు ఆలోచించాను. నా మొహం మీద అనలేక నీకు చెప్పింది. మర్యాదస్తురాలు. పనిచేసేవాళ్ళ బాధ పనిచేసేవాళ్ళకే తెలుస్తుంది. కిరాణా షాపు కాటా నా దగ్గరికి వస్తే, పళ్ళెం కింద ఏళ్ళ తరబడి పేరుకున్న పిండీ జిడ్డూ గోకితే గానీ స్ప్రింగు కనబడదు. గోకినంతసేపూ ఆ షాపువాణ్ణి ఏమని తిట్టుకుంటానో ఇక్కడ రాయను. నా గుండె విప్పినప్పుడు ఆమె నన్ను అలా తిట్టుకోకూడదు. అందుకని 58కి దిగాలని నిర్ణయించాను. మధ్యాహ్నం ఒక దోసకాయ. సాయంత్రం దాని తమ్ముడు.

మీ అత్తయ్య ఏమీ అనడం లేదు. మిషను మాత్రం గట్టిగా తొక్కుతోంది.

ఇట్లు,
మామయ్య


జూన్ 15

దోసకాయ వ్రతదీక్షాపరులైన మామయ్యకు సాష్టాంగం.

తమ్ముడి సంగతి చదివి మా హాస్టలు గదిలో ముగ్గురం పడి నవ్వాం. మీరు జోకులు వేయడం ఎప్పుడు మొదలుపెట్టారు? వంశంలో నా ఒక్కడికే ఈ జబ్బు అనుకున్నాను.

ఇక్కడి విశేషాలు. నా స్టాటిస్టిక్స్ చదువు చివరి ఏడాదికి వచ్చింది కాబట్టి ఒక ప్రాజెక్టు చేయాలి. మా సారు నలుగురికీ నాలుగు అంశాలు ఇచ్చారు. నేను గుండె ఆపరేషన్లు తీసుకున్నాను, మీ గౌరవార్థం. ఆసుపత్రివాళ్ళు పేర్లు కొట్టేసి పదిహేను వందల మంది వివరాలు ఇచ్చారు. ఎవరి బరువెంత, ఎత్తెంత, ఆపరేషన్ తర్వాత ఎవరు ఎన్నాళ్ళకు ఇంటికెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు. బరువు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని ఒక గీత గీసి, చుట్టూ ముప్పై పేజీలు రాస్తే నా పని అయిపోతుంది. గీత ఎలా వస్తుందో చిన్నపిల్లాడికైనా తెలుసు. గీసిన తర్వాత మీకు పటం కట్టించి పంపుతాను, వంటింట్లో తగిలించుకోండి.

దోసకాయకు నా శుభాకాంక్షలు.

మీ మేనల్లుడు


జూన్ 25

అల్లుడూ,

70.2. 

బెల్టుకు షాపులో డ్రిల్లుతో రెండు రంధ్రాలు వేశాను. మూడోదానికి బెల్టు చాల్లేదు. అంటే బెల్టు మిగిలింది, నేను చాల్లేదు. 

మార్కెట్లో కూరల షాపువాడి కాటా సరిచేస్తుంటే కళ్ళ ముందు కాస్త మసకబారింది. వాడు బంగాళాదుంపల బస్తా మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. కూర్చున్నచోటి నుంచే పని పూర్తిచేశాను. వాడి కాటా వందకు మూడు గ్రాములు తక్కువ చూపిస్తోంది. తన నష్టానికే అలా ఉందని తెలిసి వాడికి నాకంటే ఎక్కువ నీరసం వచ్చింది.

మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. గిన్నెలతో మాట్లాడుతోంది. అవి జవాబు కూడా చెబుతున్నాయి.

ఇంకా పన్నెండు కిలోలు. అయిపోతుంది. ఆగస్టు ఆరున డాక్టరమ్మ తెర తీయగానే ఎదురుగా గుండే కనబడాలి.

మామయ్య


జూన్ 30

మామయ్యా,

మీ ఉత్తరం చదివి నవ్వడం మొదలుపెట్టి, బంగాళాదుంపల బస్తా దగ్గర ఆపేశాను. మీరు నిజంగానే దోసకాయలు తింటున్నారా?

వెంటనే ఏదైనా తినండి. తింటూ మిగతాది చదవండి.

నా గీత వచ్చింది. నేను అనుకున్నట్టు మెట్లెక్కుతూ పోలేదు. గిన్నెలా వచ్చింది. ఎడమవైపు సన్నటివాళ్ళు, కుడివైపు భారీవాళ్ళు, ముప్పు రెండు అంచుల్లోనూ ఎక్కువ. సన్నటివాళ్ళ వైపు అంచు గోడలా నిటారుగా లేచింది. గిన్నె అడుగున, అన్నిటికంటే క్షేమంగా ఎవరున్నారో తెలుసా? కాస్త బొద్దుగా ఉన్నవాళ్ళు. అంటే జూన్ నెల మొదట్లో మీరు. 

లెక్క తప్పిందనుకుని మూడుసార్లు చేశాను. గిన్నె గిన్నెలాగే ఉంది. కాగితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె చూసి, ఇందులో కొత్తేముంది అన్నట్టు నా వైపు చూసింది. నూటపాతిక కిలోల మనిషికి గాయం త్వరగా మానదట, చీము పడుతుందట, ఊపిరి మిషను వదలడం కష్టమట. అది ఒక బాధ. తర్వాత ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కాస్త పొట్ట ఉన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. ఒంట్లో సరుకు లేనివాళ్ళే నాకు భయం. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు మనిషి తన ఒంటిని తానే తిని కోలుకుంటాడు. గోదాము ఖాళీగా ఉంటే ఏం తింటాడు?"

అలాగని ఇది చూపించి ఎవర్నీ లావెక్కమని చెప్పొద్దంది. ఎందుకిలా జరుగుతుందో డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారట. కానీ ఆపరేషన్ ముందు గబగబా చిక్కిపోవడం మాత్రం మంచిది కాదంది. కొవ్వుతో పాటు కండ కూడా పోతుందట. మీరు ఆరు కిలోలు తగ్గారని చెబితే, ఆయన్ని ఎవరు తగ్గమన్నారు అని అడిగింది.

మామయ్యా, పొట్ట దారికి అడ్డంగా పడుకుందని ఆమె అనలేదు. నేనే అన్నాను. ఆమె నోట్లో పెట్టి అన్నాను, బాగుంటుందని. ఆ రోజు ఆమె మీ బరువు గురించి ఒక్క మాట కూడా అనలేదు.

అత్తయ్యకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. దయచేసి తినండి.

మేనల్లుడు


జూలై 6

అల్లుడూ,

67.5.

నీ ఉత్తరం రాకముందు మీ అత్తయ్య ఫోన్ పట్టుకుని పెరట్లో అరగంట మాట్లాడటం చూశాను. నీతోనే అని తర్వాత తెలిసింది. ఆ మర్నాడు ఉత్తరం వచ్చింది, ఆ పూటే నలుగురికి సరిపడా వంట వచ్చింది. నేను కాటాలు సరిచేసేవాణ్ణి. రెండు పళ్ళేలు ఒకేసారి లేస్తే కింద ఎవరిదో వేలు ఉందని నాకు తెలుసు.

పొట్ట అడ్డంగా ఉందన్నది నమ్మేలా ఉంది. లావుగా ఉన్నవాళ్ళే బాగా బతుకుతారన్నది నీ జోకులా ఉంది. నీ అయిదో ఏట నుంచి చూస్తున్నాను. పక్కింటివాళ్ళ కుక్కకు డిగ్రీ వచ్చిందని నన్ను పలకరింపుకు పంపినవాడివి. నేను వెళ్ళాను కూడా.

మీ అత్తయ్యతో ఒక ఒప్పందానికి వచ్చాను. ముల్లు 58 చూపించిన రోజు నుంచి ఆమె ఏం పెడితే అది తింటాను. అప్పటిదాకా దోసకాయే.

మామయ్య


జూలై 10

మామయ్యా,

దీంతో డాక్టరమ్మ స్వహస్తాలతో రాసిచ్చిన చీటీ జతచేస్తున్నాను. "బరువు తగ్గవలసిన అవసరం లేదు. గుడ్లు, పప్పు, పాలు రోజూ తీసుకోవాలి." కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. ముద్రలంటే మీకు గౌరవం కాబట్టి దగ్గరుండి రెండుసార్లు కొట్టించాను.

పరీక్షలు ఈ నెలాఖరు దాకా ఉన్నాయి. లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో గుడ్ల అట్టతో కూర్చునేవాణ్ణి.

కుక్క డిగ్రీకి ఇప్పుడు క్షమాపణ చెబుతున్నాను.

మేనల్లుడు


జూలై 17

అల్లుడూ,

చీటీ చూశాను. డాక్టరు చేతిరాత ఎక్కడైనా చదవగానే అర్థమవుతుందా? ఇది మొదటిసారికే అర్థమైంది. దొంగది. ముద్ర రెండుసార్లు కొట్టించడం ఇంకా అనుమానం. నిజమైన ముద్రకు ఒక్క దెబ్బ చాలు.

అయినా ఇక గొడవ లేదు. నిన్న పొద్దున్న ముల్లు 58 చూపించింది. ఈ తొమ్మిది రోజులుగా రోజుకు ఒక కిలో చొప్పున చక్కగా దిగింది. మాట ప్రకారం నిన్నటి నుంచి తింటున్నాను. రెండు గుడ్లు, పప్పు, అన్నం, ఒక గ్లాసు పాలు. 

కాటా ముఖం మీద దుమ్ము పడుతోందని మీ అత్తయ్య తువ్వాలు కప్పింది. నేను ఎక్కాక తనే తీస్తుంది. ఆపేసిన టీవీ మీద కూడా ఇంత శ్రద్ధ చూడలేదు.

మామయ్య

(కవరు మడత లోపల, పెన్సిలుతో, వేరే చేతిరాత)
నాయనా, మీ మామయ్య తింటున్నారు. కాటా మాట నమ్మి హడలిపోకు. దాని సంగతి నేను చూసుకుంటున్నా. — అత్తయ్య


జూలై 23

మామయ్యా,

ఈ ఉత్తరంలో జోకులు లేవు. వెతకకండి.

అత్తయ్య కవరు మడతలో రాసింది చదివి నాలుగు రోజులు తన్నుకులాడాను. చెబితే మీరు మళ్ళీ దోసకాయ పట్టుకుంటారు. చెప్పకపోతే ఇంకోటి ఉంది. ఆ రెండోదే పెద్దది కాబట్టి చెబుతున్నాను.

మీ కాటా అబద్ధం చెబుతోంది. అత్తయ్య ముల్లు వెనక్కి తిప్పింది. మీరు తినాలని. నేను వేసిన జోకుకు విరుగుడు అదొక్కటే దొరికింది ఆమెకు, ఆమెను ఒక్క మాట అనకండి. అనాలంటే నన్ను అనండి.

కానీ ఆ తిప్పిన కాటా మీద మీ ఒంట్లో నీరు చేరినా తెలియదు. రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమన్నారు. పెరిగినా అది 58 అనే చెబితే ఎవరు చేస్తారు? అందుకని కాటా సరిచేసుకోండి, నిజం బరువు రాసుకోండి, అయినా తినండి. ఈ మూడూ ఒకేసారి అడిగే అర్హత నాకు లేదని తెలుసు.

నా ప్రాజెక్టులో ఇంటికి వెళ్ళనివాళ్ళను చుక్కలుగా పెట్టాను. వాటిలో ఒకటి మీది కాకూడదు. 

మేనల్లుడు


జూలై 28
ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

అల్లుడూ,

నీ ఉత్తరం ఇంటికి వచ్చేసరికి నేను ఇంట్లో లేను. పక్కింటాయన ఇక్కడికి తెచ్చిచ్చాడు. కంగారు పడకు, కూర్చునే రాస్తున్నాను.

నువ్వు చెప్పింది నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

ఎనిమిదో తారీఖు పొద్దున్న కాటా దగ్గరికి వెళ్తే మూత మీద సీసం ముద్ర లేదు. తీగ స్థానంలో నల్ల దారం ఉంది. చొక్కా గుండీలకు మీ అత్తయ్య వేసే ముడి. ఖాళీ కాటాకు ముల్లు సున్నా మీద నిలబడాలి. అది ఒక గీత వెనక నిలబడింది. మర్నాడు రెండు గీతలు. అక్కడి నుంచి ముఖానికి తువ్వాలు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా దొంగ కాటాలు పట్టుకునేవాడి ఇంట్లో, కుట్టుమిషను పక్కన, పట్టపగలు.

ఆ వెంటనే అడగవలసింది. అడగలేదు. నీ ఉత్తరం నేను నమ్మలేదు, చీటీ నమ్మలేదు. ఆ ముడి నమ్మాను. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నా పనిముట్ల పెట్టె ముట్టుకోలేదు. నా ముద్ర అంటే ఏమిటో ఆమెకు తెలుసు. జోకు కోసం ఎవరూ దాన్ని తెంపరు. బాగా భయపడితే తప్ప ఆమె తెంపదు. ఆమె అంత భయపడిందంటే, నీ గిన్నె నిజమే అయ్యుండాలి అనుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచే షాపులో అన్నం తిన్నాను, ఇంట్లో మాత్రం ఆమె ముల్లు 58కి వచ్చేదాకా దోసకాయే. 

కానీ కాటాను నమ్మలేను కదా. రోజూ ఆమె వంటింట్లో ఉన్నప్పుడు తువ్వాలు ఎత్తి, ముల్లు ఎన్ని గీతలు వెనక ఉందో చూసి, తర్వాత కనబడిన బరువుకు అది కలిపి, చొక్కా జేబులోని చీటీలో రాసుకున్నాను. ఇరవై రెండున కాటా 58, వెనక పది గీతలు. నా బరువు 68. ఇరవై మూడున కాటా 59 చూపించింది. మీ అత్తయ్య మొహం మాడిపోయింది. నేను మళ్ళీ దోసకాయ తెస్తానని భయపడి స్క్రూ ఇంకా తిప్పింది. ఇరవై ఐదున మళ్ళీ 58. తువ్వాలు కింద పన్నెండున్నర గీతలు. అంటే 70.5. మూడు రోజుల్లో రెండున్నర కిలోలు. మేజోళ్ళు విప్పితే కాళ్ళ మీద వాటి అచ్చు లోతుగా దిగి ఉంది.

ఆసుపత్రికి ఫోన్ చేయమన్నాను. ఆమె గోడకున్న బరువుల కాగితం చూసింది. "పెరగలేదుగా" అంది. 

"పెరిగింది" అన్నాను.

మిషను పట్టుకుంది. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. మొదటి రోజు నుంచి అన్నాను.

"మరెందుకు తిన్నారు?"

"నువ్వు ముద్ర తెంపావు కదా."

అప్పుడు ఫోన్ చేసింది. బండి వచ్చేదాకా నన్ను తిట్టింది. ముప్పై ఏళ్ళవి ఉన్నట్టున్నాయి, ఒకటీ మర్చిపోలేదు. ఇంకో రోజు ఆగి ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేదని ఇక్కడి డాక్టరు అన్నాడు. మాత్రలూ సూదులూ ఇచ్చి మూడు రోజుల్లో నీరు దింపేశారు. ఈ వార్డు కాటా అరకిలో ఎక్కువ చూపిస్తోంది. నర్సుకు చెప్పాను. బీపీ చూసి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేశారు. అప్పటిదాకా కడుపు నిండా తినమని మీ డాక్టరమ్మ ఫోన్‌లో మీ అత్తయ్యతో అందట. ఈసారి చీటీ అడగలేదు.

మామయ్య


సెప్టెంబరు 9

గోదాము సొంతదారు, కొత్త కవాటధారి అయిన మామయ్యకు,

మీరు ఇంటికి చేరి పది రోజులైంది కాబట్టి ఉత్తరాలు మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఆపరేషన్ థియేటర్ బయట అయిదున్నర గంటలు అత్తయ్య, నేను ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను ఒక్క జోకు కూడా వేయలేదు. అయిదో గంటలో ఆమే నా వైపు తిరిగి, ఏదైనా చెప్పు నాయనా, నువ్వు ఊరుకుంటే భయంగా ఉంది అంది. కుక్క డిగ్రీ కథ చెప్పాను. మీరు పలకరింపుకు వెళ్ళి, ఏ సబ్జెక్టు అని అడిగారన్న సంగతి నాకిన్నాళ్ళూ తెలియదు.

ప్రాజెక్టు ఇచ్చేశాను. పదిహేను వందల మందికి మిమ్మల్ని కలుపుతానంటే, సారు ఒక మనిషితో ఏమీ రుజువు కాదన్నారు. ఒప్పుకున్నాను. అయినా నా దగ్గరున్న కాపీలో గిన్నె అడుగున పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకున్నాను. కొద్దిగా బొద్దుగా పెట్టాను.

ఇకపై డాక్టరమ్మల నోట్లో నా మాటలు పెట్టను. 

ఇంతకూ ఆ దొంగ కాటాను ఏం చేశారు?

మీ మేనల్లుడు


సెప్టెంబరు 16

అల్లుడూ,

69.2. కొత్త కాటా మీద. కుట్టు మానింది. తుమ్ము వస్తే మాత్రం దిండు గుండెకు హత్తుకోవాలి. నిన్న మూడు తుమ్ములు, మూడుసార్లు దిండు. మీ అత్తయ్య చూసి, నన్ను ఇంత ప్రేమగా ఎప్పుడూ పట్టుకోలేదు అంది. ఏ సబ్జెక్టు అని నేను అడిగినమాట నిజమే. ఇంటికి వెళ్ళినవాడు ఏదో ఒకటి అడగాలి కదా.

కాటా సంగతి అడిగావు. మా వృత్తిలో తప్పు చూపించే కాటాను సరిచేయాలి, లేకపోతే విరగ్గొట్టాలి. మూడో దారి లేదు. పోయిన ఆదివారం పనిముట్లు తీసుకుని దాని ముందు కూర్చున్నాను. పన్నెండున్నర గీతలు వెనకే ఉంది. దారం అలాగే ఉంది. కాసేపు చూసి, విప్పకుండా, ఆ ముడి మీదే సీసం పెట్టి నా ముద్ర నొక్కాను. ఒక్క దెబ్బ. ముప్పై నాలుగేళ్ళలో దొంగ కాటాకు నేను వేసిన ముద్ర అదొక్కటే.

ఇప్పుడు దాన్ని మీ అత్తయ్య వాడుతోంది. ఇవాళ పొద్దున్న ఎక్కి, నలభై తొమ్మిది అంది. నేను పేపరు చదువుతున్నాను, తల ఎత్తలేదు. ఈ మధ్య కాస్త తగ్గినట్టున్నాను కదా అని అడిగింది. అవును, రెండు గుడ్లు ఎక్కువ తిను అన్నాను. 

ఆమె దిగి, తువ్వాలు దులిపి, మళ్ళీ కప్పింది.

మామయ్య